మంచి గుమస్తా ఎక్కడ చెడతాడో ముందే కనిపెట్టడం ఎలా

గుంటూరు మిర్చి యార్డులో, రైతుల సరుకు వ్యాపారులకి అమ్మిపెట్టే ఒక కమీషన్ కొట్టు లెక్కలు చూడటం నా పని. సీజన్లో తెల్లారేసరికి ముక్కుకి చున్నీ కట్టుకుని టాలీ ముందు కూర్చుంటాను. ఈమధ్య నాన్నల దగ్గర్నుంచి కొట్టు అందుకున్న కుర్రాళ్లు యార్డులో ఎక్కువయ్యారు. వాళ్లంతా అడిగేది ఒకటే: "అక్కా, నమ్మకమైన గుమస్తా ఎవరన్నా ఉంటే చెప్పు." మనిషిని నేను చూసిపెడతాను గానీ, వచ్చిన మనిషి చెడకుండా చూసుకోవాల్సింది మీరేనంటాను. అదెట్టాగక్కా అని మళ్లీ అడుగుతారు. నిలబడి చెప్పేంత చిన్న సంగతి కాదు కాబట్టి కూర్చుని రాస్తున్నాను. మీది బెజవాడ బీసెంట్ రోడ్డులో బట్టల షాపైనా, ఆటోనగర్లో లేత్ షెడ్డయినా ఇందులో చాలావరకు పనికొస్తుంది.

దొంగబుద్ధితో పన్లో చేరేవాళ్లు తక్కువ. ఏళ్ల తరబడి బాగా చేసిన మనిషే ఒకరోజు తేడా చేస్తాడు, అందరూ "అతనా?" అని నోరు తెరుస్తారు. నేను చూసినంతలో ఆ తేడా ఎక్కణ్ణుంచో ఊడిపడదు. ఏ గుణం చూసి పన్లో పెట్టుకున్నామో అందులోంచే వస్తుంది. నెమ్మదస్తుడు దాపరికంలోకి జారతాడు, కలుపుగోలు మనిషి అబద్ధంలోకి జారతాడు. జార్చేది చాలాసార్లు భయమే. మన పెద్దలు చెప్పిన అరిషడ్వర్గాల్లో కామం, క్రోధం, లోభం, మోహం, మదం, మాత్సర్యం ఉన్నాయి గానీ భయం లేదు. కొట్లో మాత్రం మొదటి కుర్చీ దానిదే.

ముందు స్వభావం చూడండి, సీజన్ ముదరకముందే

మనుషుల్ని నాలుగు రకాలుగా చూడటం చాలా పాత పద్ధతి. గ్రీకు వైద్యుల నుంచి వచ్చిన ఆలోచనని 2వ శతాబ్దంలో గాలెన్ ఒంట్లోని నాలుగు ద్రవాలకి ముడిపెట్టాడు. రక్తం ఎక్కువైతే హుషారు, పసుపు పైత్యం ఎక్కువైతే కోపం, నల్ల పైత్యం ఎక్కువైతే దిగులు, కఫం ఎక్కువైతే నిదానం అని. మన వాత పిత్త కఫాల లెక్క వేరు, రెంటినీ కలపకండి. గాలెన్ ద్రవాల సిద్ధాంతాన్ని వైద్యం ఎప్పుడో వదిలేసింది, మనుషుల వర్ణన మాత్రం మిగిలింది. 20వ శతాబ్దంలో హాన్స్ ఐసెంక్ అనే మనస్తత్వవేత్త ఆ నాలుగింటినీ రెండు కొలతల మీదికి తెచ్చాడు. మనిషి నలుగురిలో పడేవాడా, తనలో తాను ఉండేవాడా? మనసు నిలకడగా ఉండేదా, ఊరికే చలించేదా? నేను వాడేది ఈ రెండు ప్రశ్నలే. నలుగురిలో పడేవాడు నిలకడగా ఉంటే హుషారు మనిషి, చలిస్తుంటే కోపిష్టి. తనలో తాను ఉండేవాడు నిలకడగా ఉంటే నెమ్మదస్తుడు, చలిస్తుంటే పాతవాళ్లు దిగులు మనిషి అన్నారు, నేను జాగ్రత్త మనిషి అంటాను.

కొత్త కాయ పోటెత్తేది జనవరి తర్వాత, కాబట్టి డిసెంబరులోనే చూడండి. కొత్తగా చేరిన కుర్రాడు టీకి ఒక్కడే పోతాడా, నలుగుర్నీ కేకేసుకుని పోతాడా? చీటీలో తప్పుందని చెప్తే రెండు నిమిషాల్లో మామూలవుతాడా, సాయంత్రం దాకా ముడుచుకుని కూర్చుంటాడా? ఇవి చాలు. సీజన్ మధ్యలో చూస్తే యార్డులో ఉన్నవాళ్లంతా కోపిష్టుల్లాగే కనబడతారు. ఇంకోటి, ఏ మనిషీ మొత్తం ఒకే గడిలో ఇమడడు. బయట నోరు విప్పని మనిషి ఇంట్లో పులై కూర్చోవచ్చు. మా ఇంట్లో ఉన్నాడొకాయన, వేరే చూడక్కర్లేదు.

హుషారు మనిషి

రైతులతో మాట్లాడేది ఇతనే. లారీ దిగిన పెద్దాయన్ని "రా పెదనాన్నా, ముందు టీ తాగు, కాయ సంగతి తర్వాత చూద్దాం" అని భుజం మీద చెయ్యేసి తీసుకొస్తాడు. కొట్టుకి రైతులు వచ్చేది సగం ఇతని మొహం చూసే. ఎదుటివాడి మొహం మాడితే ఇతను తట్టుకోలేడు. భయం అక్కడుంది.

సరుకు కొన్న వ్యాపారి దగ్గర్నుంచి డబ్బు రాలేదనుకోండి. రైతు ఫోన్ చేస్తే ఇతను "రేపు మధ్యాహ్నానికి పడిపోతాయి" అంటాడు. ఆ రేపటికి ఇంకో రేపు. చివరికి ఆ రైతు పల్నాడు నుంచో ప్రకాశం నుంచో బస్సెక్కి వచ్చి కొట్టు మెట్ల మీద కూర్చుంటాడు, మనవాడు వెనక దారిన మాయమవుతాడు. మోసం చేద్దామని కాదు, ఒక్క నిమిషం ఇబ్బంది తప్పించుకుందామని మొదలుపెట్టిన అబద్ధం అది.

గుర్తుపట్టడం తేలిక. ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టడం మొదలుపెడతాడు. నెంబరు చూసి బయటికెళ్లి మాట్లాడతాడు. "ఆయనకి చెప్పావా?" అంటే "చెప్పాను అక్కా" అంటాడు. "ఏం చెప్పావ్?" అంటే "చూద్దాం అన్నాను" అంటాడు. ఆ రెండో ప్రశ్న ఎప్పుడూ వదలకండి.

ఇలాంటి మనిషిని ధైర్యంగా ఉండమని చెప్పి లాభం లేదు, చెడు కబురు చెప్పే పనే తీసెయ్యండి. మా కొట్లో పేమెంటు తేదీ నోటితో చెప్పడం మానేశాం. రైతుకిచ్చే లెక్క చీటీ, అంటే తక్‌పట్టీ మీద రాస్తాం. ఆలస్యమైతే ఫోన్ లెక్కల సీటు నుంచే పోతుంది, అంటే నేనే చేస్తాను. "సోమవారం రావు పెదనాన్నా, గురువారం వస్తాయి" అంటే రైతు తిడతాడు. తిట్టి, గురువారం దాకా ఆగుతాడు.

భయం కాకుండా ఆశ కూడా ఇతన్ని త్వరగా పట్టుకుంటుంది. జెఫ్రీ గ్రే అనే బ్రిటిష్ మనస్తత్వవేత్త ఒక మాటన్నాడు: కొందరి మెదడు దెబ్బ ఎక్కడ తగులుతుందో అని ఎక్కువ కనిపెట్టుకుని ఉంటుంది, కొందరిది లాభం ఎక్కడుందో అని. మన హుషారు మనిషి రెండో రకం. టిక్కీకి (మిర్చి బస్తాకి) ఇంత అని ఇన్సెంటివ్ పెట్టారంటే, పక్క కొట్టుకి పోయే రైతుని కూడా లేని రేటు చెప్పి లాక్కొస్తాడు. ఇన్సెంటివ్ పెట్టేదేదో మరుసటి ఏడు మళ్లీ మన కొట్టుకే వచ్చిన రైతుల లెక్కన పెట్టండి. రెండో ఏడు కూడా అదే రైతు మొహం చూడాలని తెలిస్తే నోరు దానంతటదే అదుపులో ఉంటుంది.

కోపిష్టి

ఇతను చాలాసార్లు గుమస్తా కాదు, ఓనరే. కాబట్టి ఈ భాగం చదివేటప్పుడు అద్దం దగ్గర పెట్టుకోండి.

2025 సీజన్లో రేట్లు కూలినప్పుడు కేంద్రం మార్కెట్ ఇంటర్వెన్షన్ పథకం కింద క్వింటాలుకి 11,781 రూపాయల ధర ప్రకటించింది. యార్డులో ఆ రోజులు చూసినవాళ్లకి తెలుసు. మా వరసలో ఒక కుర్ర ఓనరు పొద్దున్నే రైతు టిక్కీలోంచి గుప్పెడు కాయ లాగి, "ఇది కాయా, తాలా?" అని నలుగురిలో అరిచాడు. కాయ బాగానే ఉంది. విరిస్తే పెళుసుగా విరిగింది, గింజ పసుపు రంగులో మెరుస్తూనే ఉంది. రైతు ఏమీ అనలేదు, కింద పడ్డ కాయలు ఏరి మళ్లీ టిక్కీలో వేసుకున్నాడు. మధ్యాహ్నం అందరూ పోయాక ఆ కుర్రాడే వచ్చి "అక్కా, రైతుల దగ్గర మన అడ్వాన్సులు ఎంతున్నాయో ఒకసారి లెక్క తీసిపెట్టవా, మా వాడికి చేతకావట్లా" అన్నాడు. పొద్దున అరిచింది ఆ అంకె భయం. పంటకి ముందే రైతులకి అప్పులిచ్చి ఉన్నాడు, రేటు పడితే అవి తిరిగి రావు.

కోపిష్టిని "ఎందుకంత కోపం?" అని అడక్కండి, కారణం వంద చెప్తాడు. "ఎంత ఇరుక్కుంది?" అని అడగండి. కాగితం మీద అంకె పడగానే గొంతు తగ్గడం నేను చాలామందిలో చూశాను. అది కూడా నలుగురి ముందు అడగొద్దు, వేలం టైములో అసలే వద్దు. సాయంత్రం కాటాలు ఆగాక, ఒక్కడే ఉన్నప్పుడు.

ఇతనికి రెండో జబ్బు మదం. అరిచేవాడికి ఎవరూ ఎదురు చెప్పరు. ఎదురు చెప్పేవాళ్లు లేకపోయేసరికి తను చేసేదంతా ఒప్పే అనుకుంటాడు. మీరు ఓనరైతే ఒక్కటి గుర్తుచేసుకోండి: పోయిన వారం మీకు నచ్చని మాట మీ కొట్లో ఎవరన్నా చెప్పారా? ఎవరూ గుర్తురాకపోతే మీకు రావాల్సిన కబుర్లు మీ దాకా రావట్లేదన్నమాట. హమాలీల ముఠా మేస్త్రీ అరుపుల గురించి మాత్రం టెన్షన్ పడకండి, ఆ పనికి ఆ గొంతు కావాలి.

జాగ్రత్త మనిషి

లెక్కల సీట్లో ఇలాంటివాళ్లే ఉండాలి. అణా పైసలతో సహా సరిపోందే లేవరు. భయం పడితే వీళ్లు అబద్ధమాడరు, డబ్బు ముట్టరు. పని ఆపేస్తారు. మా రెండో సీటు అమ్మాయి అంత పనిమంతురాలు యార్డులో దొరకదు. ఒకసారి పాత బిల్లుల మీద ఏదో నోటీసు వచ్చింది. అప్పట్నుంచి ప్రతి తక్‌పట్టీ మళ్లీ మళ్లీ సరిచూసేది. చిన్న చీటీకి కూడా నా సంతకం అడిగేది, ఫోన్లో ఫొటో తీసి దాచుకునేది. రైతులు బయట నిలబడే ఉండేవాళ్లు. దీంతో పైనవాళ్లు అరవడం, అరిచేకొద్దీ ఆ పిల్ల ఇంకా నెమ్మదించడం.

1908లో రాబర్ట్ యెర్క్స్, జాన్ డాడ్సన్ అనే ఇద్దరు అమెరికన్లు ఎలుకల మీద ఒక ప్రయోగం చేశారు. తెల్ల పెట్టె, నల్ల పెట్టె తేడా నేర్పడానికి తప్పుదారి పట్టినప్పుడల్లా కరెంటు షాక్ ఇచ్చారు. తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంటే షాక్ పెరిగేకొద్దీ త్వరగా నేర్చుకున్నాయి. తేడా కనిపెట్టడం కష్టమైనప్పుడు మాత్రం ఓ మోస్తరు షాక్‌తోనే బాగా నేర్చుకున్నాయి, గట్టి షాక్ ఇస్తే వెనకబడ్డాయి. మనుషులూ ఎలుకలూ ఒకటి కాదు గానీ, మా యార్డులో రోజూ కనబడేది ఇదే. లారీ మీద తాడు తెగేట్టుంటే గట్టిగా కేక వెయ్యాలి, ఆ కేక పనిచేస్తుంది. వడ్డీ లెక్క కట్టే మనిషి నెత్తిన అదే కేక వేస్తే ఇంకో తప్పు పుడుతుంది.

జాగ్రత్త మనిషికి చెయ్యాల్సిన సాయం, ఏ తప్పుకి భయపడాలో ఏ తప్పుకి అక్కర్లేదో విడదీసి చూపించడం. మేము ఒక కాగితం మీద రాసుకున్నాం. టాలీలో రేటు తప్పు పడితే దిద్దుకోవచ్చు. తక్‌పట్టీలో పేరు తప్పు పడితే మళ్లీ రాసివ్వొచ్చు. బ్యాంకులో ఆర్టీజీఎస్ చేసిన డబ్బు వేరే ఖాతాకి పోతే మాత్రం వెనక్కి తెచ్చుకోవడం నరకం. కాబట్టి రెండోసారి చూడాల్సింది ఖాతా నెంబరు, మొత్తం, అంతే. మిగతావి ఒక్కసారి చూసి వదిలెయ్. "తప్పొస్తే నా పేరు చెప్పు" అన్నాను. నోటితో అంటే నమ్మలేదు, ఆ కాగితం కిందే రాసి సంతకం పెట్టాక నమ్మింది.

వీళ్లని మాత్సర్యం కూడా పట్టుకుంటుంది, చాలా గుట్టుగా. పక్కవాడి తప్పులు తేదీలతో సహా ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకోవడం కనిపిస్తే, పని గురించిన జాగ్రత్త దాటిపోయిందని లెక్క. ఆ బుక్కు చూపించమని అడగొద్దు. పక్కవాడికి దక్కి తనకి దక్కనిదేమిటో కనుక్కోండి.

నెమ్మదస్తుడు

కొట్టు నిలబడేది ఇతని మీద. పెద్దగా పడిపోయేది కూడా ఇక్కడే. ఇతను అరవడు, గొప్పలు చెప్పడు, జీతం పెంచమని అడగడు. భయమేస్తే ఇంకా తక్కువ మాట్లాడతాడు. అదే చిక్కు, ముందుకీ ఇప్పటికీ తేడా పైకి తెలీదు. తెలిసేది కాగితంలోనే.

మా కాటా దగ్గర ఒక బాబాయ్ ఉండేవాడు. యార్డులో ఆయన తూకమంటే ఎవరూ మళ్లీ సరిచూసేవాళ్లు కాదు. ఒక సీజన్లో ఆయన చీటీలు నా కంటికి మరీ శుభ్రంగా కనబడ్డాయి. టిక్కీ తూకం ఎప్పుడూ గుండ్రంగా రాదు. 41.3, 38.7, 44.2, 40.9 ఇట్లా గెంతుతూ ఉంటుంది. ఒకటి కొట్టేసి పక్కన ఇంకోటి రాసి ఉంటుంది, ఎర్ర దుమ్ము వేలిముద్ర పడి ఉంటుంది. ఆయన చీటీలో 41, 40.5, 41, 40, 40.5 అని ఒకే సిరాతో, ఒకే వరసలో, చెమట మచ్చ కూడా లేకుండా ఉన్నాయి. కాటా ముందు నిలబడి రాసిన అంకెలు కావవి, తర్వాత కూర్చుని రాసినవి.

ఇలాంటప్పుడు అందరి ముందు నిలదీసిన కొట్లు నాకు తెలుసు. మనిషి మర్నాటి నుంచి రాడు, నిజం కూడా రాదు. నేను గోనెసంచులు లెక్కపెట్టే పని ఆయనతో కలిసి పెట్టుకున్నాను. పక్కపక్కన కూర్చుని, చేతులు పన్లో ఉంటే మాట తేలిగ్గా వస్తుంది. "ఏమన్నా ఇబ్బందా బాబాయ్?" అని అడగలేదు. దానికి "ఏం లేదమ్మా" తప్ప ఇంకో జవాబు ఉండదు. "ఎవరికి ఇవ్వాలి బాబాయ్, ఎంత?" అన్నాను. చాలాసేపు సంచి మూతి మడత పెడుతూ కూర్చున్నాడు. తర్వాత చెప్పాడు. కూతురి పెళ్లికి వారం వడ్డీకి తెచ్చాడు. ఆ మనుషులు యార్డుకే వస్తున్నారు. వాళ్లు కనబడగానే కాటా వదిలేసి ఎటో పోతున్నాడు, తిరిగొచ్చాక అందాజాగా రాస్తున్నాడు. ఒక్క టిక్కీ కాయ తీసుకోలేదు. "చెప్తే పరువు పోద్దమ్మా" అన్నాడు. ఓనరు ఆ అప్పు కట్టి జీతంలో కొంచెం కొంచెంగా పట్టుకున్నాడు. తేడా పడ్డ రైతులకి తూకం డబ్బు మేమే సర్దాం.

1950 ప్రాంతంలో డొనాల్డ్ క్రెసీ అనే అమెరికన్, నమ్మి అప్పజెప్పిన డబ్బు కాజేసి జైలుకెళ్లినవాళ్లతో కూర్చుని మాట్లాడాడు. వాళ్లలో ఆయనకి కనబడినవి మూడు. ఎవరికీ చెప్పుకోలేని డబ్బు ఇబ్బంది, దాన్ని గుట్టుగా తీర్చుకునే వీలు, "ఇది దొంగతనం కాదు, మళ్లీ పెట్టేస్తాను" అని తనకి తాను చెప్పుకునే మాట. ఓనర్లు రెండోదాని మీద ఖర్చు పెడతారు, కెమెరాలు, తాళాలు. నన్నడిగితే మొదటిది తెగ్గొట్టడం చవక. మనవైపు డబ్బాశ కంటే పరువు భయమే ఎక్కువమందిని ముంచుతుంది. చేరిన రోజే చెప్పండి, అవసరమైతే అడ్వాన్సు ఎంత దాకా ఇస్తారో, నెలకి ఎంత పట్టుకుంటారో. దానికో పుస్తకం పెట్టి అందులో మొదటి పేరు కొట్లో అందరూ గౌరవించే మనిషిది ఉండేట్టు చూడండి. అప్పుడు మిగతావాళ్లకి అడగడం నామోషీ అనిపించదు. ఊరికే కుశలం అడిగే బదులు సరిగ్గా ఒక విషయం అడగండి. జూన్లో అయితే "పిల్లాడి ఫీజు కట్టేశారా?" అని.

ఇంకో గుర్తు, సెలవు పెట్టని మనిషి. "నేను లేకపోతే కుదరదండి" అని ఉగాదికి కూడా వచ్చేవాణ్ణి అందరూ మెచ్చుకుంటారు. బ్యాంకుల్లో కీలకమైన సీట్లలో ఉన్నవాళ్లు ఏటా కనీసం పది పనిదినాలు, ముందస్తు కబురు లేకుండా, ఒకే విడతలో సెలవులో ఉండాలని రిజర్వ్ బ్యాంకు నియమం పెట్టింది ఊరికే కాదు. ఆ సీట్లో ఇంకొకరు కూర్చుంటే దాగినదేదన్నా ఉంటే బయటపడుతుంది, లేకపోతే ఆ మనిషికి కాస్త విశ్రాంతి దొరుకుతుంది.

నెమ్మదస్తుడికి సుఖం మరగడం అనే జబ్బు కూడా ఉంది. రేటు వాట్సాప్‌లో చూసి కాటా దాకా లేవకపోవడం లాంటివి. అది ముదిరితే చూసుకోవచ్చు, తొందర లేదు.

మీ చేతిలో లేనిది

అప్పుల్లో ఉన్న మనిషి, గుమస్తా అయినా రైతయినా, నిద్ర పట్టట్లేదనో, బతికి ఏం లాభమనో అన్నాడంటే స్వభావాల లెక్క పక్కన పెట్టండి. ఒంటరిగా ఇంటికి పంపించొద్దు. ఇంట్లోవాళ్లకి కబురు చెయ్యండి, మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ నెంబరు 14416కి ఆయన పక్కనే కూర్చుని ఫోన్ కలపండి. 2022 నుంచి ఉంది, డబ్బు కట్టక్కర్లేదు, రాత్రయినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు.

మిగతా మార్పులన్నీ యార్డుకి వేసవి సెలవులిచ్చినప్పుడు చెయ్యండి. సీట్లు మార్చడం, అడ్వాన్సు పుస్తకం తెరవడం, తక్‌పట్టీ మీద తేదీ గడి అచ్చు వేయించడం అప్పుడే. సీజన్ మధ్యలో సీటు మారిస్తే ఏ మనిషైనా తన మీద అనుమానమొచ్చిందనుకుంటాడు. సెలవుల్లో అందరివీ ఒకేసారి మారిస్తే ఆ మాట రాదు. అందరిలో మీ సీటు కూడా ఉండాలి. ఒక వారం మీరు కాటా దగ్గర నిలబడి చీటీ రాయండి, కాటా మనిషిని గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టండి.